మా పేట చూసింది

వంతెనకు పైకప్పు ఎందుకు, దొరలారా? గోడలు ఎందుకు? ఈ వెనిస్ ఊళ్ళో వందల వంతెనలున్నాయి. చేపల బుట్టలు దాటేవి, పెళ్ళివాళ్ళు దాటేవి, పాడె దాటేవి. అన్నిటి మీదా వాన పడుతుంది, ఎండ పడుతుంది, పదిమంది కళ్ళు పడతాయి. ఒక్క మీ వంతెనకే నెత్తిన రాయి, పక్కన రాయి, చివరికి కిటికీలో కూడా రాయి. ఖైదీ తడిసిపోతాడని జాలిపడ్డారా? మాకు కనపడకూడదని కట్టారు. ఎవడూ అనకపోతే నేను అంటున్నాను.

నిన్న మొన్నటిదాకా కొత్త చెరసాల నుంచి మీ కచేరీకి మనిషిని తీసుకుపోవాలంటే, రేవు పక్కన, గడ్డి పడవలు ఆగే చోట ఉన్న గడ్డి వంతెన మీదుగా పట్టపగలు నడిపించాల్సి వచ్చేది. వాడి పేటవాళ్ళు వంతెన మెట్ల మీద నిలబడేవాళ్ళు. మీవాళ్ళు రొట్టె ఇవ్వనిచ్చేవారు కారు, ముట్టుకోనిచ్చేవారు కారు. కానీ పేరు పెట్టి పిలవడం ఎవడూ ఆపలేకపోయాడు. "పియెరో! మా పేట చూసింది!" అంతే మాట. ఆ మాట పడ్డాక వాడు లోపల జ్వరంతో పోయాడని చెప్పడం మీ కాపలావాళ్ళకి అంత తేలిక కాదు. చూసినవాళ్ళు ఉన్న మనిషి ఊరికే మాయం కాడు. అది మీకు తెలుసు. అందుకే ఈ వంతెన.

ఆ వంతెన చివరి కిటికీ ఎలా తయారయిందో, ఎవరు చేశారో ఇప్పుడు అందరూ వినాలి.

సోమవారం పొద్దున పని గంట మోగకముందే తాదియో రాళ్ళ దొడ్డిలోకి వచ్చాడు. మంచు కాలువ మీద నుంచి ఇంకా లేవలేదు. చెక్క కాళ్ళ మీద పడుకోబెట్టిన పలకరాయి మీద తడి గోనె కప్పి ఉంది. గోనె తీసి మడిచి పక్కన పెట్టాడు. అరచేత్తో రాయి మీది నీటిని తుడిచాడు.

సముద్రం అవతల ఇస్త్రియా గనుల నుంచి వచ్చిన తెల్లటి రాయి. నాలుగు వేళ్ళ మందం. గుండ్రటి బెజ్జాలు వరుసలు తీరి, ఒక్కో బెజ్జం చుట్టూ రేకులు. ఇటు సగం తొలిచి ఉంది, అటు సగం బొగ్గు గీతలే. తొలిచిన సగం జోర్జిది. జోర్జి ఎడమచేతివాడు. ప్రతి బెజ్జం కుడి అంచున వెంట్రుకంత గీత వదిలేవాడు. పాతికేళ్ళు ఒకే దొడ్డిలో పక్కపక్కన కూర్చుని, ఆ గీత కోసం తాదియో వాణ్ణి తిట్టని రోజు లేదు. "పిల్లి గీరినట్టు ఏంట్రా అది?" అంటే, "నేను పోయాక నా పని నువ్వు గుర్తుపట్టాలిగా" అనేవాడు. ఇప్పుడు తాదియో ఆ గీతను వేలికొనతో తడిమి, నున్న చేయకుండా వదిలేశాడు.

జోర్జి లోపలికి పోయి నలభై రోజులు. ఈ వంతెన పనిలోనే పరంజా తాడు తెగి ఒక కూలీ కాలువలో పడి చచ్చాడు. తాడు కుళ్ళిందని ముందే చెప్పాం, మార్చలేదు, అని జోర్జి శవం దగ్గర నిలబడి పైకే అన్నాడు. మూడో రోజు మీకు చాడీలు మోసే సింహం నోటి పెట్టెలో ఎవడో పేరు లేని చీటీ వేశాడు. నాలుగో రోజు జోర్జి లేడు. ఉన్నాడా, పోయాడా అని భార్య వెళ్ళి అడిగితే చెరసాల వాకిట్లో చెప్పిన జవాబు: "మా దగ్గర చాలామంది ఉన్నారమ్మా." వాడి తీర్పు ఈ గురువారం. ఆ రోజే కొత్త వంతెన మొదలు. అంటే వాణ్ణి గడ్డి వంతెన మీద నడిపించరు. వాడు బతికే ఉన్నాడని చూసే కన్ను ఒక్కటీ ఉండదు.

తాదియోకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఇంట్లో ఒక మంచం, ఒక కుండ. మాట్లాడే మనిషి పాతికేళ్ళుగా ఈ పలకరాయికి అటువైపు కూర్చునేవాడు. ఇప్పుడు అటువైపు ఖాళీ పీట. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు, తనూ కూర్చోలేదు.

గంట మోగింది. మేస్త్రి అల్విజె చేతిలో చెక్క ముక్క పట్టుకుని వచ్చాడు. ఏటవాలుగా కోసిన ముక్క, బెజ్జం వాలు చూసే కొలత.

"తాదియో, వాలు తప్పకూడదు. లోపలి నుంచి బయటికి పైకి ఎక్కాలి. మొదటి కిటికీ జోర్జి సరిగ్గానే చేశాడు, గోడలో కూర్చుంది. ఇది కూడా అట్లాగే."

"బయటికి ఎత్తుగా వాలిస్తే వాన ఎటు పోతుంది మేస్త్రీ? లోపలికేగా? ఏ రాతిపనివాడైనా బయటికి దించుతాడు."

"పడితే ఖైదీ తడుస్తాడు. నీ అల్లుడా వాడు?"

"తడిస్తే రాయి కూడా తడుస్తుంది."

"నీ రాయి బాధ నాకు చెప్పకు. లోపల నడిచేవాడికి ఆకాశం తప్ప ఏదీ కనపడకూడదు. రేవు కనపడకూడదు, మనుషులు కనపడకూడదు. గీసినవాడు అట్లా గీశాడు, మనం అట్లా తొలుస్తాం. బుధవారం తాపీవాళ్ళు ఎత్తుతారు. మాట్లాడింది చాలు, బరమా పట్టు."

తాదియో బరమా పట్టాడు. తాడు లాగుతుంటే మొన రాయిలో గిర్రున తిరిగి తెల్లటి పొడి ఎగిరింది. కొత్త రాయి, గనిలోంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, లోపల ఇంకా పచ్చిగా ఉంది. బెజ్జం పడ్డాక మొన ఉలితో అంచులు సరిచేసి, పళ్ళ ఉలితో గీరి, చెక్క ముక్క దూర్చి చూశాడు. వాలు సరిగ్గా ఉంది. అంత సరిగ్గా వచ్చినందుకు వాడికి తన చేతుల మీదే కోపం వచ్చింది.

సాయంత్రం ముఖం కడుక్కోకుండానే సాన్ మార్తిన్ పేటలో జోర్జి ఇంటికి వెళ్ళాడు. జోర్జి భార్య లుక్రేజియా ఓడల కార్ఖానాలో తెరచాపలు కుట్టే మనిషి. వాకిట్లో వెలుగు ఉన్నంతసేపూ కుట్టుకోవడానికి గుడ్డ ఇంటికి తెచ్చుకుంది. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, దబ్బనం గుచ్చి లాగుతోంది. తల ఎత్తలేదు.

"వచ్చావా అన్నా. ఒళ్ళంతా పిండి కొట్టుకుని వచ్చావే, రొట్టెలు చేస్తున్నావా?"

"రాతిపొడి చెల్లెమ్మా."

"తెలుసు. ఏ రాయో కూడా తెలుసు. కార్ఖానాలో ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. నా మొగుడి ముఖానికి అడ్డం పెట్టే రాయి. చెక్కేది ఎవరో కాదు, వాడి పక్కన కూర్చుని పాతికేళ్ళు నా చేతి చేపల పులుసు తిన్నవాడు."

తాదియో గడప దగ్గరే నిలబడ్డాడు. "నేను కాకపోతే ఇంకొకడు చెక్కుతాడు," అన్నాడు.

"ఆ మాట ఉరితాడు పేనేవాడు కూడా అంటాడు."

ఆమె దారం పళ్ళతో కొరికింది. లేచి లోపలికి వెళ్ళి, ఉల్లిపాయలూ పులుపూ వేసి ఊరబెట్టిన చేపలు నాలుగు, ఒక రొట్టె ముక్క తెచ్చి వాడి చేతిలో పెట్టింది. తిట్టినా పెట్టడం మానదు. "తిను. ఎముకలు లెక్కపెట్టేట్టున్నావు."

తాదియో నిలబడే తిన్నాడు. ఆమె మళ్ళీ కూర్చుని గుడ్డ ఒళ్ళోకి లాక్కుంది. ఈసారి చూపు గుడ్డ మీద లేదు. "వాడు ఉన్నాడో లేడో ఒక్కసారి తెలిస్తే చాలన్నా. మూడేళ్ళో ఆరేళ్ళో శిక్ష ఓడలో తెడ్డు వెయ్యమంటారు, వెయ్యనీ. ఉన్నవాడి కోసం ఎన్నేళ్ళైనా కూర్చుంటా. లేనివాడి కోసం కూర్చోవడం ఎట్లాగో నాకు తెలీదు."

మంగళవారం మధ్యాహ్నానికి చివరి బెజ్జం అయింది. మిగతావాళ్ళు తిండికి పోయారు. పలకను దొడ్డి గుమ్మానికి ఎదురుగా చెక్క కాళ్ళకు చేరేసి, లోపలి ముఖం తనవైపు తిప్పుకుని, తాదియో మోకాళ్ళ మీద కూర్చుని ఒక బెజ్జానికి కన్ను ఆనించాడు. ఆకాశం. కాసేపటికి ఒక సముద్రపు కొంగ అడ్డంగా పోయింది. మళ్ళీ ఆకాశం. ఇంకో బెజ్జం చూశాడు. ఆకాశం. పని తప్పు పట్టడానికి లేదు.

తలుపుల అవతల ఎవరో నవ్వుకుంటూ పోతున్నారు. ఆ నవ్వు ఎవరిదో చూద్దామని తల అటూ ఇటూ తిప్పాడు. కనపడలేదు. అప్పుడు వాడు ఇంకేమీ ఆలోచించలేదు. తల కిందికి వంచి, భుజం నేలకు ఆనించి, మెడ తిరగేసి చూశాడు. మనిషి తలకిందులైతే ఏం లాభం? ఆకాశమే. లేచి కూర్చున్నాడు. పలక వైపు చూశాడు. పలకకు రెండు అంచులు, పైదీ కిందిదీ. పూరేకులు ఎటు చూసినా ఒక్కటే. పైన ఉన్నది కిందికి పెడితే వాలు కూడా తిరగబడుతుంది. బెజ్జాలన్నీ రేవు వైపు వంగుతాయి.

పలకను పక్కకు దొర్లించి తలకిందులు చేశాడు. ఒంటి చేత్తో ఆనించి పట్టుకుని కన్ను పెట్టాడు. దొడ్డి గుమ్మం, గుమ్మం ముందు ఎవరో పారేసిన చేపతల, దాన్ని లాక్కుపోతున్న పిల్లి.

తాదియో పలకను అట్లాగే తలకిందులుగా చెక్క కాళ్ళకు చేరేశాడు.

మా పనిలో ఒక కట్టు ఉంది. రాయి చెక్కేవాడు గోడ ముట్టుకోడు. గోడ కట్టేవాడు ఉలి ముట్టుకోడు. రెండు సంఘాలు, రెండు జెండాలు, ఒకళ్ళ పనిలో ఒకళ్ళు వేలుపెడితే తన్నులాట. రాయి ఎటు నిలబెట్టాలో చెక్కేవాడు పై అంచు మీద ఒక కొడవలి గుర్తు వేస్తాడు. తాపీవాడు ఆ గుర్తు పైకి పెట్టి కూర్చోబెడతాడు, కొలవడు, అడగడు. అడిగితే తన పని తనకు రాదని ఒప్పుకున్నట్టు. ఎన్ని రాజభవనాలు ఈ గుర్తు నమ్మి నిలబడ్డాయో.

తాదియో మొన ఉలి తీసుకున్నాడు. అసలు కింద ఉండాల్సిన అంచు మీద ఆనించాడు. ముప్పై ఏళ్ళలో వాడు తప్పు గుర్తు వేసి ఎరగడు. ఉలి దించి అరచేయి అంగీకి తుడుచుకున్నాడు. ఖాళీ పీట వైపు చూశాడు. మళ్ళీ ఆనించాడు. మూడు దెబ్బలు. కొడవలి పడింది. మళ్ళీ గోనె కప్పి నీళ్ళు చల్లాడు.

బుధవారం తాపీవాళ్ళు ఎత్తారు. కాలువలో పడవ మీంచి మోకులు కట్టి, కప్పీ తిప్పి, పలకను వంతెన కిటికీ దాకా లాగారు. వాళ్ళ ముఠా పెద్ద బొర్తొలో పరంజా మీంచి కిందికి అరిచాడు.

"ఏమయ్యా తాదియో! ముసలాడివై కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఏడుపు ముఖం పెట్టావేం?"

"జాగ్రత్తగా దించు. రేకులు విరుగుతాయి."

"నీ రేకులు మా అమ్మ గాజు గ్లాసులా చూసుకుంటాలే. గుర్తు ఏదీ? ఇదా. ఇదిగో, పైకి పెట్టాను. మీ రాతివాళ్ళ గీత మాకు సువార్త. తప్పైతే పాపం మీది."

"పాపం నాదే," అన్నాడు తాదియో. బొర్తొలో నవ్వాడు.

ఇనుప కొక్కేలు దిగ్గొట్టారు. కాగిన సీసం గరిటెతో పోశారు. సీసం తెల్లగా మెరిసి, ముడుచుకుని, బూడిదరంగు తిరిగింది. గట్టిపడింది. ఇక ఆ పలక కదలాలంటే పగలాలి.

సాయంత్రం తాదియో మళ్ళీ లుక్రేజియా వాకిటికి వెళ్ళాడు.

"రేపు పొద్దున గడ్డి వంతెన మీదికి రా."

"ఎందుకు? నీ రాయి అందం చూసి మురవడానికా?"

"ఊరికే రా చెల్లెమ్మా."

"ఊరికే రావడానికి రోజు కూలి పోగొట్టుకోవాలి. ఏం కనపడుతుందక్కడ? చెప్పు."

చెప్పలేదు. చెబితే కార్ఖానా అంతా తెలుస్తుంది. తెలిస్తే రేపటికి కిటికీకి గోనె కడతారు. అంతే కాదు, దొరలారా, వాడు భయపడ్డాడు కూడా. ఆ సంగతి దాచను. పేటలో ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్ళమో, ఆ సంగతీ అడక్కండి. కప్పేసిన వంతెన దగ్గర ఏం చూస్తాంలే అని వారం నుంచే మనం ఆ మెట్ల మీద నిలబడటం మానేశాం.

గురువారం పొద్దున తాదియో గడ్డి వంతెన నడిమధ్య నిలబడ్డాడు. ఎదురుగా కాలువ మీద కొత్త వంతెన, పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది. ఇటువైపు రెండు కిటికీలు. చెరసాల పక్కది జోర్జి చేసినది. కచేరీ ఉన్న రాజభవనం పక్కది తనది. లోపల మధ్యగోడ కట్టి రెండు దారులు చేశారు. పోయేవాడికి వచ్చేవాడు కూడా ఎదురుపడకూడదు. పోయే దారి ఇటువైపే.

పేటవాళ్ళు నిలబడే మెట్ల మీద ఎవరూ లేరు. బుట్ట నెత్తిన పెట్టుకున్న చేపలావిడ, "అడ్డం తప్పుకోవయ్యా, స్తంభంలా పాతుకున్నావు," అని వాణ్ణి మోచేత్తో తోసింది. తాదియో పక్కకు జరిగాడు. కచేరీ గంట మోగింది.

జోర్జి కిటికీ వెనక నీడ కదిలింది. కిటికీ దగ్గర ఆగలేదు. ఆగినా వాడికి కనపడేది ఆకాశమే, తన చేత్తో తొలుచుకున్నది. తాదియో తన కిటికీ వైపు చూశాడు. బెజ్జాలు ఒకటొకటే నల్లబడ్డాయి. నీడ ఆగింది. ఒక బెజ్జంలోంచి వేలికొన బయటికి వచ్చింది. బెజ్జం అంచు తడిమింది. గీత ఉందో లేదో చూసుకుంది. ఎడమచేతి వేలు.

ఇప్పుడు పిలవాలి. తాదియో నోరు తెరిచాడు. చుట్టూ రేవు మీద బంట్రోతులు, గుమాస్తాలు, నావికులు. అరిస్తే కిటికీ సంగతి బయటపడుతుంది. అరవకపోతే జోర్జి ఉన్నాడని ఎవరికీ తెలియదు. వాడు నోరు మూసుకున్నాడు. వంతెన పిట్టగోడ పట్టుకుని, చూసింది చాలు, చూసింది చాలు అనుకున్నాడు.

అప్పుడు రాతిలోంచి గొంతు వచ్చింది. బొంగురు గొంతు, నలభై రోజులు వాడని గొంతు.

"తాదియో!"

చేపలావిడ ఆగిపోయింది.

"తాదియో! ఒక్కడివే ఉన్నావేంట్రా? నేను చూశాను! నిన్ను నేను చూశాను!"

లోపలున్నవాడు బయటున్నవాణ్ణి పిలిచాడు. ఈ ఊళ్ళో ఇట్లాంటిది ఎవడూ వినలేదు. ఏ పేటా తాదియోను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ముసలి రాతిపనివాడు, ఒంటి మనిషి, ఉన్నా ఒకటే పోయినా ఒకటే. లోపల ఎవరో గద్దించారు. నీడ పక్కకు గుంజబడింది. వేలు ఒక్క క్షణం అంచును పట్టుకుని వదిలేసింది.

తాదియో అరిచాడు. "జోర్జీ! మా పేట చూసింది! సాన్ మార్తిన్ పేట చూసింది!"

పేట ఎక్కడుంది? ఒక్కడు. మన అందరి బదులు ఒక్కడు అబద్ధం ఆడాడు.

చేపలావిడ బుట్ట దింపలేదు, బేరం ఆడలేదు. తిన్నగా ఓడల కార్ఖానా వైపు నడిచింది. మధ్యాహ్నం కాకముందే తెరచాపల కొట్టులో లుక్రేజియా ముందు నిలబడి, "మీవాడు బతికే ఉన్నాడమ్మా, గొంతు విన్నాను," అంది. లుక్రేజియా చేతిలో దబ్బనం అట్లాగే ఉండిపోయింది. "ఏమన్నాడు?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం రాళ్ళ దొడ్డికి నల్లంగీ అధికారి ఒకడు వచ్చాడు. వెనక ఇద్దరు బంట్రోతులు. బొర్తొలోను ముందే పిలిపించారు. వాడు టోపీ చేతుల్లో నలుపుకుంటూ, "గుర్తు పైకి ఉందండి, నేను గుర్తు ప్రకారమే పెట్టాను," అని పదిసార్లు అన్నాడు.

"గుర్తు ఎవరిది?"

"నాది," అన్నాడు తాదియో.

మేస్త్రి అల్విజె వాడి పక్కకు వచ్చి, పెదవులు కదలకుండా అన్నాడు: "వాన కోసం అని చెప్పు. ఏ పనివాడైనా నీళ్ళు బయటికే వాలుస్తాడు, అలవాటున పొరపాటైందని చెప్పు. నేనూ అవునంటాను. నీ కాళ్ళు పట్టుకుంటానురా, చెప్పు."

అధికారి విన్నట్టే ఉన్నాడు. అతనికి కూడా ఇంటికి పోయే వేళయింది. "వాన కోసమా?" అని తనే అందించాడు.

ఒక్క తల ఊపు చాలు. తాదియో ఖాళీ పీట దగ్గరికి నడిచాడు. నలభై రోజులకు పైగా ఎవరూ కూర్చోని దాని మీది పొడిని చేత్తో తుడిచి, దాని మీద కూర్చున్నాడు.

"కాదండి. వాన లోపలికి వచ్చినా ఫర్వాలేదన్నారు మీరు. మనిషి బయటికి చూడ్డమే వద్దన్నారు. నేను చూడ్డానికే పెట్టాను."

బంట్రోతులు వాడి చేతులు పట్టుకుంటే, "ఉండండి, ఉలులు కడుక్కోవాలి, తుప్పు పడతాయి," అన్నాడు. కడుక్కోనిచ్చారు. ఒక్కొక్కటే తుడిచి, నూనె గుడ్డలో చుట్టి, పీట మీద పెట్టి వెళ్ళాడు.

జోర్జికి మూడేళ్ళు తెడ్డు శిక్ష వేశారు. ఓడ పేరు, తెడ్డు వరస లుక్రేజియాకు తెలుసు. ఉన్నాడని పదిమంది విన్న మనిషిని ఇప్పుడు లేడనలేరు.

కిటికీ ఇంకా అట్లాగే ఉంది. సీసం పోసిన పలకను పగలగొట్టాలి, కొత్త పలక ఇస్త్రియా నుంచి రావాలి, అది చెక్కడానికి మా దొడ్డిలో ఒక్కడూ ఇంకా ఉలి పట్టలేదు. గోనె కట్టారు. మొన్న రాత్రి గాలికి ఊడి కాలువలో పడింది. గాలే అంటున్నాను, ఇంకేం అనను.

వచ్చే గురువారం కచేరీ గంటకు తాదియోను దాటిస్తారు. వాడికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, అడగడానికి చెరసాల వాకిటికి పోయే దిక్కు లేదు. వాడు ఉన్నాడో లేడో ఎవరూ అడగకపోతే లేకుండా చెయ్యడం మీకు చిటికెలో పని, దొరలారా. మీతో నాకు ఇంక మాట లేదు.

సాన్ మార్తిన్ వాళ్ళారా, మీతోనే. లుక్రేజియా కూలి వదులుకుని వస్తానంది. చేపలావిడ వస్తానంది. ఆ ఇద్దరి మీద వదిలేసి తాపీలు, ఉలులు, దబ్బనాలు పట్టుకుని పనిలో కూర్చుంటామా? సంఘాల జెండాలు ఇంట్లో పెట్టి రండి. గడ్డి వంతెన మెట్లు నిండాలి. వాడు బెజ్జంలోంచి కిందికి చూసినప్పుడు మనుషులు కనపడాలి. గురువారం రండి. తాదియో అని పిలవండి. వాడు ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యండి.